గోడ నిండా ఒకే నవ్వు

"గుమ్మానికి అడ్డం నిలబడకమ్మా! గాలి రావద్దా?"

టీవీ కంపెనీలో రంగులు సరిచూసే ఇంజనీరు కసురుకున్నాడు.

ముసలావిడ చేతిలోని గుడ్డమూట గుండెలకు హత్తుకుని పక్కకు జరిగింది.

అసలే అతనికి పని తెమలడం లేదు. కొత్తగా తయారుచేసిన ఫ్లాట్ టీవీలు గోడకు వరుసగా వెలుగుతున్నాయి. అన్నిట్లోనూ ఒకటే బొమ్మ. పసుపు శాలువా కప్పుకుని నవ్వుతున్న పడుచుపిల్ల. ఆ కంపెనీలో ఏ టీవీకైనా రంగులు దిద్దేది ఆ పాత ఫొటో చూసే. ఈసారి మాత్రం ఆ పిల్ల ఒక టీవీలో కామెర్లొచ్చినట్టు, ఇంకో దాంట్లో చెంపదెబ్బ తిన్నట్టు కనిపిస్తోంది. సాయంత్రంలోగా కుదరకపోతే ఈ టీవీల పని వేరేవాళ్ల చేతికి పోతుంది.

"నా తరఫున ఒకరొస్తారు. వాళ్లొస్తే రంగు సంగతి తేలిపోతుంది" అని పొద్దున పెద్దసారు చెప్పాడు.

వచ్చే నిపుణుడి కోసం మెత్తటి కుర్చీ తుడిపించి ఉంచాడు ఇంజనీరు.

ముసలావిడ నేరుగా వెళ్లి అందులోనే కూర్చుంది.

"లే, లే! నీకోసం వేశామనుకున్నావా?"

"సారు రమ్మన్నారు బాబూ. ఇది కూడా తెమ్మన్నారు." మూట విప్పబోయింది.

"గుడ్డలమ్ముకోడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా? కట్టెయ్!"

ఆవిడ చేయి ఆగిపోయింది. టీవీల వైపు చూసి మెల్లగా అంది.

"ఈ పిల్ల ఇంత ఎరుపు కాదు బాబూ."

"నువ్వు చూశావు మరి! పదేళ్లుగా రోజూ చూస్తున్నాను నేను. కళ్లు మూసుకున్నా ఆ మొహమే కనిపిస్తుంది."

"అయితే ఒక్కసారి ఇటు చూడు నాయనా."

"నిన్ను చూస్తూ కూర్చుంటే నా పని అయినట్టే! బయటికి నడు."

ఆవిడ లేచి మూట చంకన పెట్టుకుంది. ఎందుకో నవ్వుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం పెద్దసారు వచ్చాడు. ఖాళీ కుర్చీ చూసి, "ఆవిడేదీ?" అన్నాడు.

"మీ నిపుణుడు రాలేదండీ. ఎవరో గుడ్డలమ్మే ముసల్ది వస్తే తరిమేశాను."

"ఆ మూట విప్పనిచ్చావా?"

"విప్పితే ఏముంటుందండీ, పాత గుడ్డలు!"

"పాతదే. ఒకటే శాలువా."

ఇంజనీరు పరుగున బయటికెళ్లాడు. ఆవిడ ఎక్కిన బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

వెనక్కి వచ్చేసరికి టీవీలన్నిట్లోంచీ, అదే పసుపు శాలువా కప్పుకుని, ముసలావిడ ఇంకా పడుచుపిల్లగానే నవ్వుతోంది.