రోజుకో తప్పు

"చెయ్యి పెట్టురా బల్ల మీద!"

రాయమల్లు కుడి చెయ్యి చాపాడు. టేకు రూళ్లకర్ర వేళ్ల కణుపుల మీద ఠపీమని దిగింది. చూపుడువేలి గోరు చిట్లింది. రక్తం ప్రశ్నపత్రం మీద పడింది.

"పై చార్టుల పత్తి పంట ముక్క ఇరవై నాలుగు శాతం," అరిచాడు అర్థమెటిక్ సార్ సదానందం. "అంటే పావు కన్న జర తక్కువ. మొత్తం ఎనిమిది వేల రెండొందల చిల్లర. అండ్ల పావు రెండు వేల యాభై. గంతకన్న కొంచెం తక్కువున్న జవాబు ఒక్కటే ఉన్నది, పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి. అంచనా కట్టమంటే రెండు వేల నాలుగొందల అరవై మూడుకు టిక్కు పెడ్తవా?"

"తప్పయింది సార్."

సుబేదారిలోని ఆ కోచింగ్ సెంటర్లో అందరూ బిక్కచచ్చి చూస్తున్నారు. దెబ్బ తిన్నవాడు కుర్రాడు కాదు, కానిస్టేబుల్. వయసు లెక్క ప్రకారం ఎస్సై పరీక్షకు ఇదే ఆఖరి అవకాశం. సెలవు పెట్టి నెల రోజుల బ్యాచ్‌లో చేరాడు.

చేరిన రోజే చెప్పాడు. "తప్పు చేస్తే కొట్టుండ్రి సార్. దెబ్బకు దయ్యమన్న దిగుతది."

వెతకబోయిన తీగ కాలికి తగిలింది సదానందానికి.

పదకొండేళ్ల కిందట ఇదే రాయమల్లు ఠాణాలో ఇదే మాట అన్నాడు. "చెయ్యి పెట్టురా బల్ల మీద!" ఎవడో గొలుసు తెంపుకుపోతే సదానందాన్ని పట్టుకొచ్చి, లాఠీతో కుడిచేతి వేళ్లు మూడు విరగ్గొట్టాడు. వారం తర్వాత గ్రూప్స్ పరీక్ష. సదానందం రాయలేకపోయాడు. అసలు దొంగ దొరికాక ఇంటికి పొమ్మన్నారు, అంతే. ఆ వేళ్లు ఇప్పటికీ మడత పడవు. బోర్డు మీద రాసేదీ, పిల్లల్ని కొట్టేదీ ఎడమ చేత్తోనే.

ఇప్పుడు తనకు గడ్డం పెరిగింది, కళ్లద్దాలు వచ్చాయి. రాయమల్లు ముఖంలో గుర్తుపట్టిన జాడే లేదు. సదానందానికి అదే ఎక్కువ మండింది. ఒకడి బతుకు విరిచినవాడికి వాడి ముఖమైనా గుర్తుండొద్దా?

రోజూ ఇరవై చార్టు లెక్కలు ఇచ్చేవాడు. రాయమల్లు రోజూ ఒకటి తప్పేవాడు. ఆ ఒక్కదాని కోసం సదానందం ఆకలిగొన్నవాడిలా పేపరు దిద్దేవాడు. ఒక రూళ్లకర్ర రెండు ముక్కలైంది. ఇంకా లావుది కొన్నాడు.

"అన్నా, ఎడమ చెయ్యి పెట్టరాదే," అంది పక్క బెంచీ లావణ్య. "పరీక్ష రాసేది గా చేతితోనే గదా!"

"గిదే పెట్టాలె చెల్లె," అని రాయమల్లు వేళ్లకు రుమాలు చుట్టుకున్నాడు.

ఆఖరి రోజు సదానందం విరగాలనే కొట్టాడు. వేలు విరగలేదు, వంకాయలా ఉబ్బింది. పరీక్షకు ఇంకా వారమే ఉంది. ఇప్పుడు తెలుస్తుంది కొడుక్కి, అనుకున్నాడు. ఆ రోజు కడుపు నిండా అన్నం తిన్నాడు.

ఫలితాలు వచ్చాయి. రాయమల్లు ఎస్సై అయ్యాడు. స్వీట్ డబ్బాతో వచ్చి నిలబడ్డాడు.

"చార్టులల్ల ఎన్ని తప్పినవ్?" అడిగాడు సదానందం పళ్లు నూరుతూ.

"ఒక్కటి గూడ తప్పలె సార్."

రాయమల్లు దండం పెట్టాడు. తన రఫ్ నోటుబుక్కు బల్ల మీద ఉంచి, మెట్లు దిగిపోయాడు.

సదానందం కోపంగా పేజీలు తిప్పాడు. దెబ్బ తిన్న ప్రతి లెక్కకూ ముందు సరైన జవాబే రాసి ఉంది. తర్వాత కొట్టేసి ఉంది. పావు కన్నా కొంచెం తక్కువ, పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి. అదీ కొట్టేసి ఉంది.

మొదటి పేజీలో, చేరిన రోజు తేదీ కింద, ఒకే ఒక్క లెక్క ఉంది: 'సదానందం సార్‌వి నేను విరగ్గొట్టిన వేళ్లు మూడు, వేలికి పది దెబ్బలు, రోజుకొకటి, మొత్తం ముప్పై రోజులు.'