న్వాఫో మోకు

న్వాఫోకి ఒళ్లంతా పొగరేనని పక్కింటి ఎజిన్నె సంతలో చెప్పిందట. డెబ్బై నాలుగేళ్లొచ్చినా కల్లుచెట్లు వదలడట. దారిలో ఎదురుపడ్డా, మనం నోరు తెరిస్తే తప్ప పలకరించడట. పెళ్లాం ఉగోయే మాత్రం రోజూ ఇంటి దగ్గర్నుంచి తోపుదాకా అతని ముందు నడుస్తూ, గుక్క తిప్పుకోకుండా తిడుతూనే ఉంటుందట. ఆ తిట్లకే కోళ్లు నిద్ర లేస్తున్నాయట.

ఎజిన్నె మాట అలా ఉంచితే, ఊరికి నిజంగానే ఒక చిక్కు వచ్చిపడింది. ఉముడికే అనే ఆ ఊళ్లో ఒక ఈడు మగాళ్లంతా ఒక జట్టు. జట్టుకి డెబ్బై దాటితే కల్లుగీసేవాళ్లు తాము చెట్టెక్కే మోకులు, చెట్లు కింది జట్టుకి అప్పగించాలి. న్వాఫో ఈడువాళ్లు నాలుగేళ్ల కిందటే అప్పగించి గుమ్మాల్లో కూర్చున్నారు. న్వాఫో ఒక్కడే ఇవ్వలేదు.

ఊరిపెద్ద ఇరోకా తోపులోనే పంచాయితీ పెట్టించాడు. మర్యాద తప్పకుండా ముందు కోలాకాయల పళ్లెం న్వాఫో ముందుకి చాచాడు. న్వాఫో చెయ్యెత్తలేదు. కోలా కాదన్నవాడు ఊరిని కాదన్నట్టే. జనం గొణిగారు. పళ్లెం పట్టుకున్న పెద్దాయన చెయ్యి పీకుతోంది, తీసుకోమని ఉగోయే కసిరాక గానీ అతను కాయ అందుకోలేదు.

“ముసలాళ్లు చెట్టు మీంచి పడితే మోసేది మేమే కదా,” అన్నాడు ఉచెన్న. పాతికేళ్లవాడు, రోకళ్లలాంటి చేతులు. న్వాఫో చెట్లు వాడికే రావాలి.

“మోకు ఇచ్చేస్తే నేను మూలన చుట్టిపెట్టిన చాపనే,” అన్నాడు న్వాఫో. “పొడుగుచెట్టెక్కి కల్లు దించుకురారా. తెస్తే మోకు నీది. తేలేకపోతే నేను చచ్చేదాకా దీని ఊసెత్తకండి.”

ఇరోకా సరేనన్నాడు.

ఉచెన్న సగం పైదాకా ఉడతలా పాకాడు. అంతలో గాలి విసిరింది. చెట్టు ఊగింది. వాడు కిందికి చూశాడు. అంతే, మానుని కావలించుకుని బిగుసుకుపోయాడు. నవ్వుతున్న జనం నవ్వడం మానేశారు. అంత పొడుగు నిచ్చెన ఊళ్లో లేదు.

ఉగోయే తిట్టుకుంటూ ముందు నడిచింది. ఆమె వెనకే న్వాఫో చెట్టు మొదట్లోకి వచ్చి మోకు వేశాడు.

“ఒరేయ్, నోరు మూసుకోకు. ఏదో ఒకటి వాగుతూ ఉండు, వస్తున్నా.”

వాడు ఏడుపుగొంతుతో తన చుట్టాల పేర్లన్నీ వల్లించాడు. న్వాఫో ఆ గొంతు కిందికి చేరి, వాడి మడమ ఒక్కోటీ పట్టి, ఆనించాల్సిన చోట ఆనిస్తూ నేలకి దించాడు. మళ్లీ ఒక్కడే ఎక్కాడు. సొరబుర్ర నిండా కల్లుతో, చుక్క ఒలకకుండా దిగాడు.

మోకు న్వాఫోదేనని ఇరోకా తీర్పు చెప్పాడు. ఎవరూ కాదనలేదు. ఉచెన్న న్వాఫో దగ్గరికి వచ్చాడు.

“తాతా, అంత ఎత్తునుంచి కిందికి చూస్తే నీకు భయం వెయ్యదా?”

న్వాఫో మోకు చుట్టి భుజాన వేసుకున్నాడు.

“నాకు చూపు పోయి మూడేళ్లయిందిరా.”