పంపుకు కట్టిన తాడు

"నేను బెల్లం తినను. బలవంతంగ పెడితే వాళ్ల ముందల్నే ఉమ్మేస్త," అంది రూప్లి.

జీపు వెనక సీట్లో, దిగే దారికి అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చున్న ఆమె తండ్రి రామ్‌సింగ్ ఒళ్లోని బెల్లం మూటను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పెళ్లికొడుకు తండాలో పెద్దమనుషులంతా కూర్చుని ఎదురుచూస్తున్నారు. తలా ఇంత బెల్లం నోట్లో వేసుకున్నారంటే సంబంధం ఖాయం. ఇక ఎవరూ వెనక్కి పోవడానికి లేదు.

"నర్సు ట్రైనింగుకు ఇయ్యాల్నే పిలుస్తున్నరు బా. పొద్దు నెత్తిమీదికొచ్చే లోపల పాల్వంచల లేకుంటే నా పేరు కొట్టేస్తరు," అంది తండ్రితో.

"కొట్టెయ్యనీ. ఆడపిల్ల సూదులు పట్టుకొని ఊర్లు తిరుగుతదా?"

"తిరుగుతది!"

జీపు నడుపుతున్న అన్న మంగీలాల్ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. రూప్లికి ఒళ్లు మండింది. "భియా, నీకు నోరు లేదా?" అని అరిచింది. అతను గేరు మార్చాడు. తండ్రికి ఎదురు చెప్పడం మంగీలాల్‌కు ఈ జన్మలో వచ్చే విద్య కాదు. ఇందాక వాగు దగ్గర ఆగి, బానెట్ లేపి, రేడియేటర్లో నీళ్లు పోసినప్పుడు కూడా చెల్లెలి ముఖం చూడలేదు మహానుభావుడు.

ములకలపల్లి దాటి అడవిలో గుంతల దారి పట్టాక జీపు గొంతు ఒక్కసారిగా పడిపోయింది. మంగీలాల్ ఎంత తొక్కినా ఇంజను డుబుడుబుమంటుందే గానీ ఊపందుకోవడం లేదు. దిగి బానెట్ లేపాడు.

"యాక్సిలేటర్ రాడ్డు ఊడింది బా. పిన్ను ఏడనో పడ్డది."

"ఇంజను నడుస్తనే ఉంది గదరా?"

"ఉన్న కాడ నడుస్తది. పెడలు తొక్కితే రాడ్డు పోయి పంపు మీది లివరును జరపాలె. లివరు ఎంత జరిగితే పంపు గంత డీజిల్ పోస్తది. ఇప్పుడు నేను తొక్కేది ఉత్త రేకు."

సీటు కింది తాడు తీసి లివరుకు కట్టి, బానెట్ సందులోంచి ముందు సీటు దాకా తెచ్చాడు. "నా రెండు చేతులు స్టీరింగుకు, గేర్లకే సాలయి. దీన్ని ఇంకొకరు గుంజాలె. బా, బెల్లం కింద పెట్టి ముందటికొస్తవా?"

"మాట ఖాయం చేసే బెల్లం కింద పెడతరార? దాన్ని గుంజమను!"

రూప్లి మూతి ముడుచుకుని ముందుకొచ్చి కూర్చుంది. తాడు లాగితే ఇంజను గర్జించింది. వదిలితే సద్దుమణిగింది.

"మెల్లగ... ఇంకింత గుంజు... ఇడువు, గేరు మారుస్తున్న," అంటూ అన్న చెబుతుంటే, కాసేపట్లోనే ఆమె చేతికి ఆ లెక్క పట్టుబడింది.

దారి చీలింది. కుడికి పాల్వంచ రోడ్డు. ఎడమకు పెళ్లికొడుకు తండాకు ఎక్కే మట్టిబాట. మంగీలాల్ బుద్ధిగా ఎడమకు తిప్పాడు. రూప్లి తన చేతిలోని తాడు వంక చూసింది. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. తాడు వదిలేసింది.

జీపు నాలుగడుగులు ఎక్కి, వణికి, ఆగిపోయింది.

"గుంజు!" అన్నాడు రామ్‌సింగ్.

"గుంజ. స్టీరింగు భియా చేతిల ఉంది బా, డీజిల్ నా చేతిల ఉంది. పాల్వంచ దిక్కు తిప్పుమను, గుంజుత."

"ఇట్ల తే!" అంటూ రామ్‌సింగ్ మూటను చంకలో ఇరికించుకుని, మంగీలాల్ మళ్లీ ఇంజను స్టార్ట్ చేసి గేరు వేయగానే ముందుకు వంగి తాడును ఒక్క గుంజు గుంజాడు. జీపు అరుస్తూ ఎగిరి పక్కనున్న లోతైన ఒర్రె అంచుకు పోయింది. మంగీలాల్ బ్రేకు తొక్కి ఆపాడు. మూటలోంచి సగం బెల్లం బాటమీద పడింది.

"గంత డీజిల్ ఒక్కసారి పోస్తే దుంకదా బా? గిట్లయితే మనం పోయేది దవాఖానకే."

"దానికి నువ్వన్న చెప్పరా!"

మంగీలాల్ చెల్లెలి వైపు తిరిగాడు. "గుంజుతవా?"

"పాల్వంచకైతే."

"గుంజదట బా," అన్నాడు, అదేదో తెలియని సంగతి అయినట్టు.

రామ్‌సింగ్ చుట్టూ చూశాడు. అంతా అడవి. పెళ్లివారి ముందుకు కూతుర్ని నడిపించుకుపోతే నవ్వులపాలు. "పాల్వంచల పిన్ను దొరుకుతదా?" అన్నాడు చివరికి.

"దొరుకుతది."

"అయితే పా. పిన్ను ఏపిచ్చుకొని జల్దీ మళ్లొద్దాం."

రూప్లి పాల్వంచ దాకా ఎక్కడా తడబడకుండా తాడు లాగింది. ట్రైనింగు ఆఫీసు కనపడగానే తాడు వదిలేసి, జీపు పూర్తిగా ఆగకముందే దూకింది.

"ఏయ్ రూప్లీ! ఏడికి?" అని అరిచాడు తండ్రి.

"నేను రాను! ఆ బెల్లం మీరే తినుండ్రి!" అని అన్న వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వొక్క మాట అంటే నాకింత తిప్పలుండకపోతుండె భియా. నోరు లేనోడివి!" అనేసి లోపలికి పరుగెత్తింది. ఆఫీసు బంట్రోతు ఆమె వెనకాలే గేటు మూశాడు.

రామ్‌సింగ్ తల పట్టుకున్నాడు. "ఆడపిల్ల తాడు గుంజి నా పరువు తీసింది. ఇంకేం చూస్తవ్రా? పోయి ఆ పిన్ను కొనుక్కరా!"

"అవ్ బా," అని మంగీలాల్ బానెట్ లేపాడు. దాని చాటున నిలబడి, పొద్దున వాగు దగ్గర తన చేత్తో పీకిన పిన్నును చొక్కా జేబులోంచి తీశాడు.