సబ్బు చుక్క

మరక వదల్లేదు.

ఆమె బకెట్టు కుమ్మరించి కొళాయి మళ్ళీ తిప్పింది. తెల్ల దుప్పటిని బాత్రూం గచ్చు మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని రుద్దడం మొదలుపెట్టింది. మరక అంచులు కాస్త పలచబడ్డాయి. నడిమధ్య మాత్రం తుప్పు రంగుకి తిరిగి, మొండికేసి కూర్చుంది.

"వదినా, ఇంక లే. పొద్దుట్నుంచీ నీళ్ళలోనే ఉన్నావ్," అంది తలుపు దగ్గర నిలబడ్డ ఆడపడుచు.

"సాయంత్రానికి ఆరాలి పొట్టీ. మీ అన్నయ్యని దీనిమీదే కదా పడుకోబెట్టాలి."



నాటకాల బృందంలో అందరూ ఆమెని ప్రాపర్టీ అక్క అంటారు. పేరుకే ప్రాపర్టీ. ఉన్నదంతా ఒక రేకు పెట్టె. అందులో అట్ట కిరీటాలు, గాజు నగలు, గుచ్చితే పిడిలోకి దూరిపోయే స్ప్రింగు కత్తి. ఆటకి ముందు ఆ కత్తిని తన అరచేతిలో గుచ్చి చూసుకుని ఇవ్వడం ఆమె పని. రక్తం కలిపి, చిన్న ప్లాస్టిక్ పొట్లం కట్టి, రాజు చొక్కా లోపల అతికించడమూ ఆమె పనే. రాజు ఆమె మొగుడే కాబట్టి, అతికిస్తూ చక్కిలిగిలి పెట్టే హక్కు కూడా ఆమెదే.

నాటకం పాతది, విషాదం. నిద్రపోతున్న రాజుని సొంత తమ్ముడే పొడిచి కిరీటం పెట్టుకుంటాడు. అక్కణ్ణుంచి రాజ్యంలో ఏదీ ఉన్నచోట ఉండదు. పట్టపగలు దీపాలు వెలుగుతాయి. కుర్చీలు గోడకి మొహం తిప్పుకుంటాయి. గంటలు వాటంతటవే మోగుతాయి. తమ్ముడి పెళ్ళాం రాజు రక్తం అంటిన దుప్పటి చివరిదాకా ఉతుకుతూనే ఉంటుంది.

"అది రక్తం కాదమ్మా, పాపం," అంటాడు డైరెక్టర్ కళ్ళు మూసుకుని. "ఎంత కడిగినా పోకూడదు."

"పోకపోతే రేపటి ఆటకి దుప్పటి మీరు కొనిస్తారా సార్?" అంటుంది ఆమె.

అందుకే చక్కెర పాకంలో ఎర్ర రంగు, చిటికెడు కాఫీ పొడి కలిపాక, ఆయనకి తెలీకుండా గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తుంది. అంత పాపమూ ఒక్క జాడింపుతో పోతుంది.

"నిన్న ఆ చుక్కే మర్చిపోయుంటాను," అంది రుద్దుతూనే. "బుర్ర ఉంటే కదా. మీ అన్నయ్యతో గొడవాయె."

"తెలుసు. ఆటకి ముందు అన్నయ్య ఫోన్ చేశాడు."

"ఏమన్నాడు?"

"నువ్వు అలిగావని. ఆట అయ్యాక బతిమాలుకుంటానని."

గొడవ గురక గురించి. చచ్చిన రాజు ఆ అంకానికి తెర పడేదాకా మంచం మీదే పడుండాలి. ఆయనేమో పగలంతా బళ్ళో లెక్కలు చెప్పి వచ్చే మనిషి. ఒంటికి మెత్తగా తగిలితే చాలు, నిద్రే. మొన్నటి ఆటలో శవం గురక పెట్టింది. వెనక వరుసదాకా ఒకటే నవ్వులు. ఆమె అందరి ముందూ దులిపేసింది. "రేపు చూడు, శవం అంటే ఎలా ఉండాలో చూపిస్తా," అన్నాడాయన ఉక్రోషంగా. తెల్లారాక కూడా ఆ మాటా ఈ మాటా పెరిగాయి. దాంతో నిన్న ఆమె మేకప్ గదిలోకే వెళ్ళలేదు. రేకు పెట్టె తెరవకుండానే ఇంకొకరి చేతికిచ్చి పంపించి, మూతి ముడుచుకుని తెర పక్కన నిలబడింది.

"నిన్న మాత్రం ఎంత బాగా చేశాడో పొట్టీ." ఆమె చేతులు ఆగాయి. "కదిలితే ఒట్టు. గురకా లేదు, పాడూ లేదు. రక్తం మంచం దిగి కిందికి కారింది. ముందు వరుసలో ఒకావిడ ఏడ్చేసింది. చప్పట్లు ఆగితేనా. నేనూ కొట్టాను."

"వదినా..."

"అలక కూడా మర్చిపోయి కొట్టాను."

తెర పడ్డాక బృందమంతా హడావుడి పడుతుంటే, ఆమె మాత్రం అలవాటు ప్రకారం మంచం మీది దుప్పటి లాగి, చక్కగా మడిచి చంకన పెట్టుకుంది.

హాల్లో ఫోన్ మోగింది. ఎవరూ ఎత్తలేదు. దానంతటదే ఆగి, మళ్ళీ మోగింది. ఆమె తల తిప్పి అటు చూసింది. పగలే లైటు వెలుగుతోంది. కుర్చీలన్నీ గోడవారకి నెట్టేసి, బృందమంతా నేలమీద కూర్చుని ఉంది. డైరెక్టర్ తలెత్తడం లేదు.

"సారు మా ఇంట్లో కూడా సెట్టు వేసేశారేంటి," అంది. "దుప్పటి కోసమేనా వచ్చారు?"

"దుప్పటి ఎవరూ అడగట్లేదు వదినా. నువ్వొచ్చి కాసేపు కూర్చుంటే చాలంటున్నారు."

"కూర్చుంటే ఇదెవరు ఉతుకుతారు, నీ మొగుడా?"

నవ్వబోయి మానేసింది. మళ్ళీ వంగి, మరకని గోటితో గీకింది.

"ఎప్పుడూ ఈపాటికి చీమలు బారు కట్టేవి. ఇవాళ వాటికీ అక్కర్లేదు చూడు." దుప్పటి తిరగేసింది. "పొట్టీ, నా సంచిలో లిక్విడ్ సీసా ఉంది. పట్రా. ఒక్క చుక్క పడితే పోతుంది. పోతుంది కదా?"

"పోతుంది వదినా," అంది పొట్టి.

సంచి నిన్న ఆట నుంచి తెచ్చి తగిలించినట్టే, తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. పొట్టి లోపల చెయ్యి పెట్టింది. సీసా దొరికింది. దాని కింద మెత్తగా, చల్లగా ఇంకేదో తగిలితే పైకి తీసింది.

నిన్న రాజు చొక్కా లోపల ఉండాల్సిన రక్తం పొట్లం, వదిన వేసిన ముడి వేసినట్టే, నిండుగా ఉంది.