అల్లుడు బిగించిన కార్బరేటర్

“ఇది పన్ను కాదు అల్లుడూ, పట్టుకుని పీకెయ్యడానికి!”

వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న మామగారి మాటకి, పళ్ల డాక్టరైన అల్లుడు పానా కింద పెట్టి నుదురు తుడుచుకున్నాడు. చెమట పోయింది గానీ గ్రీజు అంటుకుంది.

ఆ మోటారు సైకిలు మామగారిది. బస్సు డ్రైవరుగా చేరిన కొత్తలో కొన్నది. కొంతకాలంగా దాని కార్బరేటర్‌లోంచి పెట్రోలు కారుతోంది. ఎక్కడ అంటుకుంటుందోనని ఇంటిల్లిపాదీ హడలిపోతున్నారు. ఆ మోడల్‌ని చెయ్యడం కంపెనీ ఎప్పుడో మానేసింది కాబట్టి, అల్లుడు స్పేర్ పార్టుల షాపులన్నీ గాలించి వేరెవరో తయారు చేసిన కొత్త కార్బరేటర్ తెచ్చాడు. తెచ్చినవాడు ఊరుకోక, “నేనే బిగిస్తాను మామయ్యగారూ” అన్నాడు.

“డూప్లికేట్ సరుకు” అన్నారు మామగారు, డబ్బా తిప్పి కూడా చూడకుండా. “నా బండికి ఒరిజినల్ తప్ప పడదు.”

పడలేదు కూడా. ఒక బోల్టు బుద్ధిగా దూరింది. రెండోది ససేమిరా అంది. అల్లుడు ఆకురాయి తీసుకుని రంధ్రాన్ని కాస్త అరగదీశాడు.

“పాచి గీకుతున్నావా?”

అల్లుడు పళ్లు కొరికాడు. ఈసారి పెట్రోలు పైపు మొరాయించింది. కొత్తదాని మూతి లావు, పాత పైపు సన్నం. అత్తగారు జాలిపడి గ్లాసుతో వేడినీళ్లు తెచ్చిచ్చింది. పైపు కొస అందులో ముంచి మెత్తబడ్డాక, చేతులు బొబ్బలెక్కేలా తోసి ఎక్కించాడు. ఊపిరి పీల్చుకుని పెట్రోలు ట్యాపు తిప్పాడు.

కార్బరేటర్ కింది గొట్టంలోంచి పెట్రోలు ధార కట్టింది.

“చూశావా! పాతది చుక్కలు చుక్కలుగా కారేది. నీది ఏకంగా కుళాయి!”

అల్లుడు పెట్రోలు కట్టేసి, స్క్రూడ్రైవరు గోడకేసి కొట్టాడు. ఆ చప్పుడుకి భార్య బయటికొచ్చింది.

“మీకెందుకండీ ఈ తలనొప్పి? మెకానిక్కి ఇచ్చేద్దాం.”

“ఇప్పుడు వదిలేస్తే మీ నాన్న నన్ను జన్మంతా వదలరు!”

“నాన్నా, నువ్వు కాస్త లోపలికి రాకూడదూ?”

“నేనేమన్నానే? చూస్తూ కూర్చున్నాను.”

అల్లుడు కార్బరేటర్ మళ్లీ ఊడదీశాడు. అడుగు గిన్నె విప్పి వెలుతురుకి పెట్టి చూశాడు. పెట్రోలుని ఆపాల్సిన సూది మూసుకోకుండా ఇరుక్కుపోయి ఉంది. దాని మొన చుట్టూ మెరిసే రజను. ఇందాక తను ఆకురాయితో రాలగొట్టిందే! మామగారు చూడకుండా గబగబా తుడిచేసి మళ్లీ బిగించాడు.

ఈసారి చుక్క కారలేదు.

కిక్ కొట్టాడు. పలకలేదు. మళ్లీ కొట్టాడు. బండి ఒకసారి దగ్గి ఊరుకుంది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మోకాలు పట్టేసింది. మామగారి గొంతు సవరింపు వినిపించగానే, ఉన్న కోపమంతా కాల్లోకి తెచ్చుకుని తన్నాడు. బండి బుర్రుమని లేచింది.

స్లో స్క్రూ కాస్త తిప్పాడు. చప్పుడు నెమ్మదించి నిలకడగా సాగింది.

మామగారు కుర్చీలోంచి లేచారు. బండి చుట్టూ తిరిగి, కింద నేల తడిసిందేమోనని వంగి చూసి, పెట్రోలు ట్యాంకు మీద చెయ్యి వేశారు.

“భేష్ అల్లుడూ” అన్నారు. “ఊరికే నోరు పారేసుకున్నాను. నీ చేతిలో పనితనం ఉంది.”

పెళ్లయ్యాక ఆయన నోట అల్లుడు విన్న మొదటి మెచ్చుకోలు అది. గ్రీజు చేతులు ప్యాంటుకే తుడిచేసుకున్నాడు.

“అలా ఒక చుట్టు తిప్పుకొస్తాను” అని మామగారు బయల్దేరారు.

అల్లుడు స్నానం చేసి వచ్చాడు. అత్తగారు వడ్డించడానికి అన్నీ సిద్ధం చేసింది. అన్నం చల్లారింది గానీ మామగారు రాలేదు. ఫోను ఎత్తలేదు. అల్లుడు గుమ్మంలోకీ లోపలికీ తిరిగాడు. దారిలో బండి ఆగిపోయిందా? పైపు ఊడిందా? వేడి ఇంజిను మీద పెట్రోలు పడితే? వద్దన్నా వినకుండా బిగించింది తనే. ఏదైనా జరిగితే ఈ ఇంట్లో మళ్లీ తలెత్తుకోగలడా? చెప్పులు వేసుకుని వెతకడానికి గుమ్మం దిగుతుండగా ఫోను మోగింది.

“మామయ్యగారూ! ఎక్కడున్నారు? బండికేమైనా అయిందా?”

“ఏం కాలేదు అల్లుడూ, నీ కార్బరేటర్ బ్రహ్మాండం అనుకో! ఒక్క దగ్గు దగ్గకుండా నన్ను మెకానిక్ షాపు దాకా తీసుకొచ్చింది. పాతది సంచీలో తెచ్చాను, దాన్ని బాగుచేసి మళ్లీ బిగించేస్తున్నారు, మీరు తినేయండి!”