కొట్టేసిన పేరు కింది పేరు

పేరంటం పిలుపులకు ఇప్పుడు ఏ ఇల్లాలూ గడప దాటడం లేదు. ఇళ్ల వరసలో రాసిన పేర్ల పట్టీ చూసుకుంటూ, కుంకుమ భరిణెతో మరమనిషే వీధంతా తిరిగొస్తుంది.

"మూడో పేరు, ఆ కోటమ్మది, కొట్టేసి మిగతా అందరినీ పిలువు," అంది హైమ. పోయినేడు తనను పిలవని కోటమ్మతో ఆమెకు మాటల్లేవు.

సాయంత్రం అందరూ వచ్చారు, ప్రాణస్నేహితురాలు అలివేలు తప్ప.

"అలివేలును పిలవలేదేం, మొద్దూ?"

"మూడో పేరు కొట్టేయగానే నాలుగో పేరు ఆ చోటికి జరిగిందండి. నేను నాలుగో చోటికి వెళ్లిపోయాను."

"మనుషుల్ని చూసి పిలవాలిగానీ అంకెల్ని చూసా! అన్ని మరలూ ఇలాగే తగలడ్డాయా?"

"అన్నీ ఇంతేనండి. కోటమ్మగారిది కూడా."

కోటమ్మకు తోడికోడలితో ఏళ్లుగా పడదు. ఆ తోడికోడలి తరవాతి ఇల్లే హైమది.

హైమ భరిణె లాక్కుని వీధిలోకి నడిచింది. అలివేలు కంటే ముందు కోటమ్మ తలుపు తట్టింది.