గ్రెనడా దీవిలో బాలనాగమ్మ

గోరుచిక్కుడు కాయలకి ఈనెలు తీస్తోంది సుచిత్ర. ఒళ్ళో పళ్ళెం, పక్కన గిన్నె. క్లెమెంటి పేటలోని వాళ్ళ ఫ్లాట్ హాల్లో, సోఫా మధ్యలో, ఆమె అత్తగారు బాలనాగమ్మ మఠం వేసుకుని కూర్చుంది.

"పొద్దున ఎనిమిదింటికి ఓడ ఆగింది వదినా. కిటికీలోంచి చూద్దును కదా, ఎదురుగా గ్రెనడా దీవి! కొత్తిమీర కట్ట నీళ్ళలో నిలబెట్టినట్టు, అంత పచ్చగా ఉంది."

ఎదురుగా కూర్చున్న కాత్యాయని కళ్ళు చిన్నవి చేసింది. భర్త పార్థసారథిని వెంటబెట్టుకుని ఊరి ఆ చివర బూన్ లే పేట నుంచి ఇందుకే వచ్చింది. ప్రయాణానికి ముందు ఇదే హాల్లో, పదిమంది ఎదుట ఆమె ఒక మాట అంది.

"మా ఇంటికొచ్చే బస్సులో రెండు స్టాపులకే కళ్ళు తిరిగి కూలబడతావు. నువ్వు ఓడెక్కి దీవులు చూస్తావా? ఒక్క దీవిలో కాలు పెట్టి రా, నీ కాళ్ళకి నేనే పసుపు రాస్తా!"

పదిమందీ పగలబడి నవ్వారు. ఆ నవ్వు బాలనాగమ్మ చెవుల్లో ఇంకా ఉంది. కాత్యాయని నోరు మూయించాల్సిన రోజు ఇవాళే.

టికెట్లు నిజానికి కొడుకు ఉపేంద్రవి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమక పడకుండా కాపాడినందుకు, సైన్స్ పార్కులోని అతని కంపెనీ మొగుడూపెళ్ళాలకని కరీబియన్ ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చింది. తీరా బయల్దేరే వేళకి ఇంకో ప్రాజెక్టు నెత్తిన పడింది. అతని బదులు తల్లి వెళ్ళింది. గదిలో మంచం నిండా గులాబీ రేకులు చల్లి ఎదురుచూస్తున్న ఓడవాళ్ళు, అత్తాకోడళ్ళని చూసి తెల్లబోయారట.

"వ్యాను డ్రైవరు పేరు జార్జి. మలుపు మలుపుకీ హారను కొడతాడు, పాట పాడతాడు, వెనక్కి తిరిగి చెట్లు చూపిస్తాడు. చేతులు స్టీరింగు మీదుంటే ఒట్టు!"

"నీకు కళ్ళు తిరగలేదూ?" అంది కాత్యాయని.

"తిరగడానికి టైమేదీ? నవ్వలేక చచ్చా. ఒకచోట ఆపి పసుప్పచ్చ కాయ కోసిచ్చాడు. విప్పితే లోపల ఎర్రటి వల చుట్టుకుని గింజ. దాని పేరు... అబ్బా, నోట్లోనే ఉంది..."

"జాజికాయ అత్తయ్యా. ఆ ఎర్రది జాపత్రి," అంది సుచిత్ర తల ఎత్తకుండా.

"నీకెలా తెలుసే?" అంది కాత్యాయని.

"ఈ కథ ఇప్పటికి నలభైసార్లు విన్నా ఆంటీ."

పార్థసారథి నవ్వాడు. కాత్యాయని నవ్వలేదు.

"ఇంతకీ అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఓడలోనే, గదిలో. నాకు ఒకటే వాంతులు."

"వాంతులా! ఏమే, విశేషమా?"

"ఓడ విశేషమే ఆంటీ. రాత్రంతా ఊగింది."

"పాపం, నిమ్మకాయ వాసన చూస్తూ పడుకుంది పిచ్చిపిల్ల," అంది బాలనాగమ్మ, ఫ్యాను వైపు చూస్తూ. వెంటనే గొంతు పెంచింది. "అక్కణ్ణించి జలపాతం! చీరతోనే దిగా."

"చీరతోనా?"

"మరి నీలా నైటీలో తిరుగుతానా? నీళ్ళు నెత్తిన పడుతుంటే ఊపిరాడలేదనుకో. గట్టిగా అరిచా. నా అరుపు నాకే వినపళ్ళా. ఇరవయ్యేళ్ళ పిల్లనైపోయానొదినా!"

సుచిత్ర చేతిలో కాయ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ విరిగింది.

"సంతలో ఇనప పీపాలు వాయిస్తున్నారు. ఎంత తీయగా మోగుతాయో! ఒక లావుపాటామె నా చెయ్యి పట్టి లాగింది. ఇక చూస్కో, చెప్పులక్కడ, నేనిక్కడ. ఒకటే చిందులు!"

బాలనాగమ్మ సోఫా చెయ్యి మీద దరువేసింది. పార్థసారథి తల ఊపాడు. సుచిత్ర కాలి బొటనవేలు నేల మీద టకటకా ఆడింది.

"అంతలో ఓ కోతి వచ్చి భుజమెక్కి కూర్చుంది. అరటిపండు తింది, తొక్క నా నెత్తిన పెట్టింది, జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది!"

"నీకు జడెక్కడిదొదినా? ఎప్పుడు చూసినా ముడేగా?"

"అది గుంజాకే జడైంది!"

పార్థసారథికి కాఫీ కొరబోయింది. కాత్యాయని మాత్రం చీర కుచ్చిళ్ళు సర్దుకుని ముందుకు జరిగింది.

"అన్నీ బాగానే ఉన్నాయి. ఫోటోలేవీ?"

"ఫోటోలా... కడగడానికిచ్చాం. ఇంకా రాలేదు."

"వచ్చేశాయి చెల్లెమ్మా," అన్నాడు పార్థసారథి, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉన్న రసీదు చదువుతూ. "శనివారం పదకొండు గంటలకి అని రాసుంది. ఇవాళేగా? కింద బ్లాకులోనే స్టూడియో. రెండు నిమిషాల్లో తెచ్చేస్తా."

"తెండి, తెండి. నేను పసుపు కలుపుతా," అంది కాత్యాయని.

ఆ పూట మొదటిసారి బాలనాగమ్మ కోడలి కళ్ళలోకి చూసింది.

సుచిత్ర పళ్ళెం కింద పెట్టి లేచింది. పార్థసారథి చెయ్యి అందుకోకముందే రసీదు తీసుకుంది. చెప్పుల్లో కాళ్ళు దూర్చి గుమ్మం దాటింది.

ముప్పై ఆరు ఫోటోల్లోనూ, జలపాతం కింద తడిసి ముద్దయి, ఇనప పీపాల ముందు చేతులెత్తి, భుజం మీద కోతితో, విరగబడి నవ్వుతున్నది సుచిత్ర ఒక్కతే.